మూతులు మూసిన పైపు

నా చిన్నప్పుడు, పదో తరగతి పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న వేసవిలో, మా అమ్మ నన్ను పైపు వెల్డింగు నేర్చుకోమని మా నాన్న సొంత అన్న, పెదనాన్న దగ్గరికి పంపింది. తొంభైల నాటి మాట. ఆడపిల్ల చేతికి ఆ పని ఏమిటని మా వీధిలో అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. అమ్మ ఎవరినీ లెక్కచేయలేదు. నాకు రెండేళ్ళప్పుడే నాన్న పోయాడు. పనిలో ప్రమాదం జరిగిందని మాత్రం ఇంట్లో అనేవారు, అంతకుమించి ఎవరూ మాట్లాడేవారు కాదు. అమ్మ రొయ్యల కంపెనీలో పొట్టు వలిచే పనికి వెళ్ళి నన్ను పెంచింది. ఐసులో నాని నాని ఆమె వేళ్ళు ఎప్పుడూ తెల్లగా పాలిపోయి ఉండేవి.

పెదనాన్న షెడ్డు ఆటోనగర్‌లో ఉండేది. ఒక వెల్డింగు మిషను, ఒక గ్రైండరు, గోడకు చేరేసిన పైపు ముక్కలు. ఆయనకు ఎడమ చెవి వినబడదు. ఏదైనా చెప్పాలంటే కుడివైపుకు వెళ్ళి చెప్పాలి. మొదటి పదిహేను రోజులు నన్ను మంట ముట్టించనివ్వలేదు. పైపు అంచును ఆకురాయితో ఏటవాలుగా రాయడం, రెండు ముక్కల్ని ఎదురెదురుగా పెట్టి నడుమ రాడ్డు తీగ పట్టేంత సందు వదలడం, ఆ సందు చుట్టూ ఒకేలా ఉందో లేదో చూసుకోవడం, ఇదే పని. ఆ తర్వాత నాలుగు వైపులా చుక్కల్లాగా అతుకులు వేయించాడు. చివరికి ఒకరోజు రాడ్డు బిగించిన హోల్డరు నా చేతికిచ్చి, పైపు అడుగు నుంచి మొదలుపెట్టి ఒక పక్కగా పైకి, మళ్ళీ అడుగు నుంచి రెండో పక్కగా పైకి రమ్మన్నాడు.

నా మొదటి అతుకు పైకి చూడ్డానికి ఎంతో ముద్దుగా వచ్చింది. చేపపొలుసుల్లాగా వరసలు వరసలుగా ఉంది. నేను మురిసిపోతూ ఉంటే పెదనాన్న దాన్ని రంపంతో నిలువునా కోసి లోపలివైపు చూపించాడు. రెండు అంచుల నడుమ నల్లటి గీత అలాగే ఉంది. ఇనుము అక్కడిదాకా కరగనే లేదు.

"పైన సూసి మురిసిపోకు గుంటా. లోపల అతుక్కోనేదు. రేపు దీన్లో ప్రెజరెక్కితే ఇక్కడే సీలతాది. అప్పుడు దీని పక్కన ఎవుడుంటాడో నీకు తెలీదు," అన్నాడు.

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. ఆయన దగ్గర నన్ను భయపెట్టిన సంగతి ఇంకొకటి ఉండేది. ఏ పైపు వచ్చినా, కొత్తదైనా పాతదైనా, ముందు వేళ్ళతో తట్టేవాడు, ముక్కు పెట్టి వాసన చూసేవాడు, తర్వాత ఎత్తి అందులోంచి ఆకాశం చూసేవాడు. ఆకాశం కనబడేదాకా మిషను ఆన్ చేయనిచ్చేవాడు కాదు. ఒకసారి అప్పుడే కొనుక్కొచ్చిన పైపులోంచి కూడా అలాగే చూస్తూ ఉంటే నాకు నవ్వొచ్చింది. ఆయన పైపు దించి నా ముఖంలోకి చూశాడు. ఆ చూపుకు నా నవ్వు ఆగిపోయింది.

నెల గడిచాక ఒక మధ్యాహ్నం లారీ మీద ఆయిలు కంపెనీ పైపు ఒకటి వచ్చింది. మనిషంత పొడవు. రెండు మూతులకూ ఇనుప పలకలు పెట్టి బోల్టులు బిగించి ఉన్నాయి. నడుమ, పాత అతుకు మీద వెంట్రుకంత పగులు. దానికి ఎవరో లప్పం పూశారు. కూడా వచ్చిన సూపర్‌వైజరు తెల్లచొక్కా మనిషి, మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. పెదనాన్న ఆ పైపును వేళ్ళతో తట్టాడు. మళ్ళీ తట్టాడు. రెండు మూతులూ విప్పాలన్నాడు.

"నీళ్ళతో కడిగించేశాం పెద్దాయనా. బోల్టులు తుప్పు పట్టాయి, విప్పేసరికి సాయంత్రమైపోతుంది. ఆ పగులొక్కటే, పది నిమిషాల పని," అన్నాడు సూపర్‌వైజరు.

"కడిగినప్పుడు నువ్వు సూసినావా?"

"మావాళ్ళు చెప్పారు."

పెదనాన్న లోపలికి వెళ్ళి ముక్కాలిపీట తెచ్చి పైపు మూతికి ఎదురుగా వేశాడు. "అయితే ఇక్కడ కూకో బాబూ. నువ్వు కూకుంటే నాను ఇప్పుడే ఎలిగిస్తాను," అన్నాడు.

ఆ మనిషి పీట వైపు చూశాడు, పైపు వైపు చూశాడు. నవ్వబోయి నవ్వలేకపోయాడు. కూర్చోలేదు. లారీవాళ్ళను పిలిచి పైపును ఎదురు షెడ్డుకు మోయించాడు.

ఎదురు షెడ్డులో పనిచేసే కుర్రాణ్ణి ఆ సందులో అందరూ బావా అనే పిలిచేవారు. పెళ్ళయి ఆరు నెలలు. మంచి పనివాడు, మాట్లాడితే నవ్వించేవాడు. అతను పైపు చుట్టూ ఒకసారి తిరిగి సరేనన్నాడు, హోల్డరుకు రాడ్డు తగిలించాడు. అది చూసి పెదనాన్న చేతిలో పని పడేసి రోడ్డు దాటాడు. నేనూ వెనకాలే వెళ్ళాను. నేను వస్తున్నట్టు ఆయన గమనించలేదు.

"ఒద్దురా. మూత ఇప్పీసినాక సెయ్యి," అన్నాడు.

"ఏటి మావా, ఊరికే బయ్యపెడతన్నావు. సిన్న పగులే గదా. బేగి సేసి పంపీమంతన్నారు," అని అతను నవ్వాడు.

పెదనాన్న వెళ్ళి పైపు మూతి పలకకు వీపు ఆనించి నేలమీద చతికిలబడ్డాడు.

"ఇప్పుడెలిగించు," అన్నాడు.

బావ నవ్వు పోయింది. "లెగు మావా. ఏటిది?"

"నా తమ్ముడు ఇలాగే కూకున్నాడురా. పైపు కదలకుండా పట్టుకుంతానని ఈపానించి కూకున్నాడు. అదీ కడిగేసినారనే సెప్పినారు. నాను నమ్మినాను. ఆడు నవ్వతానే ఉన్నాడు. ఎలిగించింది నానే."

ఆ సందులో గ్రైండర్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. ఆయనకు ఉన్నది ఒక్కడే తమ్ముడు. ఆ మాట బుర్రకెక్కడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

బావ హోల్డరు కింద పెట్టాడు. తనే వెళ్ళి మిషను ఆపాడు. చుట్టుపక్కల వాళ్ళంతా బీడీలు ఆర్పేశారు. గంటకు పైగా తంటాలు పడితే బోల్టులు కదిలాయి. పలక వదులు కాగానే లోపల్నుంచి బుస్సుమని గాలి వచ్చింది. దాని వెంటే పెట్రోలు వాసన. పైపు వంచితే అర బకెట్టు దాకా కారింది. ఒక్క నిప్పురవ్వ లోపలికి పోయి ఉంటే పైపు పేలి ఆ మూతి పలక ఎగిరిపోయేది. సూపర్‌వైజరు ఎండలో నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. బావ ఆ బకెట్టును రెండు చేతులా ఎత్తి మిషనుకు దూరంగా తీసుకెళ్ళి పెట్టాడు.

అప్పుడు పెదనాన్న తల తిప్పి నన్ను చూశాడు. నేను అంతా విన్నానని ఆయనకు తెలిసింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.

నాలుగు రోజులు షెడ్డుకు వెళ్ళలేదు. అన్నం సహించలేదు. ఆయన చేతులే గుర్తుకొచ్చేవి. హోల్డరు పట్టుకోవడం నేర్పడానికి నా చెయ్యి పట్టుకున్న చేతులు అవే కదా అని ఒళ్ళు జలదరించేది. అయిదో రోజు పొద్దున పనికి బయల్దేరుతూ అమ్మ నా పక్కన కూర్చుంది. చెప్పాను. అమ్మ ఆశ్చర్యపోతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. అమ్మ చీర చెంగుతో వేళ్ళు తుడుచుకుంటూ ఉండిపోయింది.

"నాకు తెల్దేటి? ఆ దినవే ఒచ్చి నా కాళ్ళకాడ కూకొని సెప్పీసినాడు. రెండేళ్ళు ఆయన మొకం సూళ్ళేదు నాను," అంది.

"మరి నన్నెందుకు అక్కడికి పంపినావు?"

"అందుకే అంపినాను. ఆ పనిలో ఆయనకున్నంత బయ్యం ఇంకెవుడికుంటాది? నిన్ను ఇంకెవుడి దగ్గర పెట్టినా నాకు నిద్దర పట్టదు."

ఆ రోజే నేను మళ్ళీ షెడ్డుకు వెళ్ళాను. పెదనాన్న రెండు పైపు ముక్కలు నా ముందు పెట్టి పక్కకు జరిగి నిలబడ్డాడు. నేను అంచులు రాసి, సందు చూసుకుని, అడుగు నుంచి మొదలుపెట్టాను. లోపలిదాకా కరిగిన అతుకు వేయడానికి నాకు ఇంకో రెండు నెలలు పట్టింది. నాన్న గురించి మేమిద్దరం ఆ తర్వాత ఎన్నడూ మాట్లాడుకోలేదు. పెదనాన్న పోయేదాకా మాట్లాడుకోలేదు. ఆయన్ని క్షమించానా అంటే ఈ వయసులో కూడా నాకు సరిగ్గా తెలియదు.

ఇప్పుడు నా దగ్గర పిల్లలు పని నేర్చుకుంటున్నారు. అనుమానం వస్తే నేను పని ఆపించేస్తాను. చేతికొచ్చిన బేరం పోయినా సరే, తెచ్చినవాళ్ళు తిట్టుకుంటూ వెళ్ళినా సరే. ఈవిడ ఒట్టి పిరికిదని వాళ్ళు నా వెనక గొణుక్కోవడం వింటూనే ఉంటాను. నాకు కోపం రాదు. మా ఇంట్లో ఒక మనిషి పోతే మిగిలింది ఆ పిరికితనమే. అమ్మ దాన్ని వెతికి మరీ నాకు ఇప్పించింది. నా దగ్గర నుంచి వెళ్ళే ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ పనితో పాటు అది కూడా అంటిందో లేదో చూసుకున్నాకే పంపిస్తాను.