తగ్గలేదని చెప్పిన రోజు

మా చిన్నప్పుడు చిక్కడపల్లి గల్లీలో వైద్యుడి సైకిల్ గంట వినబడగానే మా అమ్మ లేచి నిలబడేది... లేవలేని మోకాళ్లతో, గోడ పట్టుకుని. ఆయన గడప దాటేలోపు నిలబడి తీరాలి ఆమె.

"ఎట్లుందమ్మా?"

"మీ హస్తవాసి అయ్యా... నయమే."

ఆయన అటు వెళ్లగానే గోడకు చేరబడి, కొంగు పళ్ల మధ్య పెట్టుకుని ఏడ్చేది. నేను వావిలాకు పెనం మీద వెచ్చచేసి మోకాళ్లకు కట్టేవాణ్ణి. అబద్ధం ఎందుకు చెప్పినవే అని అడిగితే, "మందిచ్చిన చేతిని చిన్నబుచ్చొద్దు బిడ్డా, మందు పనిచెయ్యది" అనేది.

ఏడో తరగతితో చదువు ఆపేసి నారాయణగూడలో పుస్తకాల బైండింగ్ పనిలో చేరినవాణ్ణి. నాకు అమ్మ మాటే వేదం. అదే మాట నా కూతురికీ నేర్పాను... తప్పు నాదే, ముందే చెప్పేస్తున్నాను.

నా కూతురు స్వరూప. 2009లో, ఇరవై రెండేళ్ల వయసులో, వేళ్ల కణుపులు వాచాయి. ముసలివాళ్లకే వస్తుందనుకున్న కీళ్లవాతం... బంగారం లాంటి పిల్లకు. బషీర్‌బాగ్‌లో ఒక డాక్టరు గారు చూసి మందులు రాశారు. రెండోసారి వెళ్లేటప్పుడు బస్సులోనే చెప్పాను.

"పెద్ద డాక్టరు బిడ్డా. ఆయన ముందల నొప్పి నొప్పి అనకు. నయమే అను. గట్లనే తగ్గుతది."

నా బిడ్డ నా మాట దాటదు. మూడేళ్లు... వెళ్లిన ప్రతిసారీ "నయమే సార్." ఆయన సంతోషపడి అదే మందు రాసేవారు. పరీక్షలు చేయించమంటే, నయమే కదా, మళ్లీ చూద్దాంలే అని నేనే తప్పించేవాణ్ణి. పిల్ల అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కు పోతోంది, వస్తోంది, నవ్వుతోంది... చెప్పమన్నది నేనే, నమ్మిందీ నేనే.

2012లో ఈసారి పరీక్షలు తప్పవన్నారు. రక్తపరీక్ష కాగితం, ఎక్స్‌రే ముందు పెట్టుకుని డాక్టరు గారు ఒకటికి రెండుసార్లు చూశారు. ఆయన బల్ల మీది నీళ్ల సీసాను స్వరూప ముందుకు జరిపారు.

"మూత తియ్యమ్మా."

పట్టుకుంది. వేళ్లు జారాయి. చున్నీ చుట్టి మళ్లీ పట్టుకుంది. నుదుటి మీద చెమట పట్టింది. నేను ఆగలేక చెయ్యి చాపాను.

"మీరు కూసోండ్రి" అన్నారు ఆయన.

మూత రాలేదు.

"ఎముక అరుగుతున్నదమ్మా. ఇట్లనే ఉంటే వేళ్లు వంకరపోతయి, మళ్ల సక్కగ గావు. మూడేండ్ల సంది నయమే అంటున్నవ్. నువ్వు నయమంటే నేను మందు పెంచలె."

"నేనే అట్ల చెప్పమన్న సార్" అన్నాను. "తగ్గలేదంటే మీ మనసు నొస్తదని..."

ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూశారు. "నా మనసుకు మందు ఎవరడిగిండ్రు పెద్దాయనా? జర బయట కూసోండ్రి. మీరుంటే ఈమె నోరు తెరువది."

గదికి సగం తలుపే. బయట బెంచీ మీద కూర్చున్నాను. ఇప్పుడు కూడా నయమే అంటుందా? నా పెంపకం అంత గట్టిది మరి... చెప్పు బిడ్డా, చెప్పెయ్... అని లోపల్లోపలే మొక్కుకుంటున్నాను.

ముందు ఏడుపు వినబడింది. తర్వాత మాటలు.

"పొద్దుగాల ఐదింటికే లేస్త సార్. అమ్మ, బాపు లేవకముందే వేడినీళ్లల్ల చేతులు పెడ్త. గంటసేపైతేగాని పిడికిలి ముడుసుకోదు... చెంచతోని తింటున్న. ఫ్యాషన్ నేర్సిందని బాపు నవ్వుతడు... పోయిన పరీక్షల పేపర్ కష్టమొచ్చిందని ఇంట్ల చెప్పిన. కష్టం కాదు సార్, అన్నీ వచ్చినయే. పెన్ను పట్టుకోనీకి రాలె."

పక్కన కూర్చున్న ఒకామె "ఏమైందన్నా?" అని అడిగింది. కండువాతో కళ్లు తుడుచుకున్నాను.

మందు మారింది. వారానికో ఇంజెక్షన్, నెలకో రక్తపరీక్ష. గుణం కనబడడానికి రెండు మూడు నెలలు పడుతుంది, కనబడకపోవచ్చు కూడా అన్నారు. ఆ రోజులు ఎలా గడిచాయో ఆ దేవుడికే తెలుసు... పొద్దున్నే చాయ్ ఇస్తూ అడిగేవాణ్ణి.

"ఎట్లుంది బిడ్డా? నిజం చెప్పు."

"తగ్గలె బాపు."

"జరంత గూడ?"

"లేదు. రోజూ అడిగి పరేషాన్ చెయ్యకు."

మొదటి నెల తగ్గలేదు. రెండో నెలా తగ్గలేదు. లోపల కుమిలిపోతూనే, నిజం చెప్పినందుకు తల నిమిరేవాణ్ణి.

మూడో నెలలో ఒక ఆదివారం... ఏడు దాటింది, స్వరూప లేవలేదు. వంటింట్లో నీళ్లు కాగిన జాడ లేదు. నేనూ మా ఇంటామె ఆమె గది తలుపు దగ్గర నిలబడ్డాం.

"నువ్వు లేపు" అన్నాను.

"నువ్వే లేపయ్యా. నాకు భయమైతున్నది."

ఆ కొత్త మందు ఏమన్నా వికటించిందా అనుకున్నాను. మెల్లగా పిలిచాను. మళ్లీ పిలిచాను.

ఒక కన్ను తెరిచింది. "ఏమైంది? ఇద్దరు గట్ల నిలబడ్డరేంది? ఆదివారం గూడ పండుకోనియ్యరా?"

దుప్పటి అంచు పిడికిట్లో బిగించి లాగి, నిండా ముసుగు తన్ని, అటు తిరిగి పడుకుంది.

పిడికిలి... వేడినీళ్లు లేకుండా, మంచం మీదే... ఇద్దరం అక్కడే నేల మీద కూలబడ్డాం. ఏడ్చాం, నవ్వాం, ఎక్కడ లేస్తుందోనని నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకుని. ఎనిమిదిన్నర దాకా పడుకుంది నా తల్లి. అంతసేపూ నేను గేటు దగ్గర కాపలా కాశాను, కూరగాయల బండాయనను కూడా అరవనివ్వలేదు. డాక్టరు గారికి కోటి దండాలు...

జబ్బు పూర్తిగా పోలేదు. మందులు నడుస్తున్నాయి, చలికాలం ఇబ్బందే. కానీ నొప్పుంటే నొప్పి అంటుంది, నేను వింటాను.

బాధ చెప్పుకోకపోవడమే మా కాలంలో మర్యాద. ఆ మర్యాదతోనే ఎందరో వెళ్లిపోయారు... ఏం ఓర్చుకున్నారో అడుగుదామంటే ఇప్పుడు వాళ్లు లేరు. మీ ఇంట్లో అలా దాచుకున్నవాళ్లు ఎవరు? కింద రాయండి... వాళ్లు ఇంకా బతికుంటే మాత్రం, ముందు వెళ్లి వాళ్లను అడిగి రండి.