కెల్లర్ గొప్పా, టోబిన్ గొప్పా

ప్రతి శనివారం అమెరికన్ ఫుట్‌బాల్ ఆట అవగానే, మొగుడు వెర్లిన్ స్టేడియానికి తొడుక్కెళ్లిన ఎర్ర చొక్కాను ఆర్డిత్ ఉతికేసేది. "గెలిచిన చొక్కా ఉతికితే అదృష్టం పోతుందే!" అని వెర్లిన్ మొత్తుకునేవాడు. ఆయన పోయాక, ఈ శనివారం ఆ చొక్కా తనే తొడుక్కుని స్టేడియంలో ఆయన సీట్లో కూర్చుంది. బంతి అందుకుని తమ జట్టును నడిపించే క్వార్టర్‌బ్యాకుల్లో పరుగంటే పాత కెల్లర్‌దేనని ఆమె, కొత్త టోబిన్‌దని ఆయన, చివరిదాకా తగవే. "టోబిన్‌ది ఉత్త వేగం. కెల్లర్ అయితే ఎదుటివాడు మీద పడేదాకా ఆగి తప్పించుకునేవాడు" అనేది. ఆఖరి నిమిషంలో టోబిన్ బంతిని పక్కవాడికి విసరబోతున్నట్టు చెయ్యి చాచి ఆగాడు. అడ్డొచ్చినవాడు అటు దూకాడు. ఇక ఒకటే పరుగు! "పరిగెత్తరా నాయనా!" అని ఆర్డిత్ ఎగిరి గంతేసేసరికి మరిది డ్వేన్ చేతిలోని చిల్లీ మాంసం కూర గిన్నె ఆమె మీద ఒలికింది. టోబిన్ గెలుపు గీత దాటాడు.

"ఏం వదినా, పార్టీ మార్చావా?"

"మా తగవులో మీ అన్నే గెలిచాడయ్యా!"

ఇంటికొచ్చి వాషింగ్ మెషీన్ మూత తెరిచింది, మళ్లీ మూసేసింది. మరకతోనే చొక్కాను కొక్కేనికి తగిలించింది. వచ్చే శనివారం ఇంకో ఆట ఉంది.