పట్టీ గుంజి చూసినందుకు

మా అమ్మాయి రోజూ గద్వాల నుంచి వనపర్తికి బస్సులో వెళ్లి కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. నిన్న బస్సు దిగుతుంటే బ్యాగు భుజం పట్టీ తెగి, కాలేజీ వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్ కింద పడబోయింది. దేవుడి దయవల్ల వెనక దిగుతున్న ఒకామె పట్టుకుంది. ఈ ఏడాదిలో ఇది మూడో బ్యాగు. అందుకే ఈ రోజు దుకాణానికి నేనూ వెంట వెళ్లాను.

దుకాణదారు ఒక కొత్త బ్యాగు తీసి, దానికి ఎన్ని జిప్పులున్నాయో, నీళ్ల సీసా ఎక్కడ పెట్టాలో చెబుతూనే ఉన్నాడు. మాది మగ్గం నేసే ఇల్లు. అంచు కలిపిన చోట గుంజి చూడందే చీర బయటికి పంపం. అలవాటు కొద్దీ బ్యాగు తిరగేసి, పట్టీ కుట్టిన చోట రెండు చేతులతో లాగాను. కుట్టు పటపటా ఊడింది.

"గట్ల గుంజితె ఏ బ్యాగు ఆగుతదమ్మా?" అని అతను అరిచాడు.

"బస్సుల జనం గింతకన్న మెల్లగ గుంజుతరా, నాయినా?" అన్నాను.

"అమ్మా, జర ఊకో" అంటూనే మా అమ్మాయి ఇంకో బ్యాగు నా చేతిలో పెట్టింది. "ఇది గుంజు." అతను దాన్ని లాక్కుని పై అరలో పెట్టేశాడు.

రేపు పొద్దున పిల్ల పాత బ్యాగుకు ముడి వేసుకుని, పొట్టకు హత్తుకుని బస్సెక్కాలి. గుంజి చూడనిచ్చే దుకాణం మీకెక్కడైనా తెలిస్తే కాస్త చెప్పండి.