డిక్టేషన్ మధ్యలో అమ్మ కేక

నన్ను నానీ అని పిలిచే మా మనవడు మొన్న కంప్యూటర్లో కొత్త గేమొకటి ఆడుతుంటే, ఎక్కడ కొన్నావురా అని అడిగాను. "కొనడమేంది నానీ, ఫ్రెండు కాపీ ఇచ్చినాడు. వాడి గేము వాడి దగ్గరే ఉండాది కదా, వాడికేం పోయింది?" అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా. నాకిక అక్కడ కాలు నిలవలేదు. వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా గరిటె పట్టుకుని కాసేపు నిలబడ్డాను. వాణ్ణి తిట్టడానికి నాకు నోరెక్కడిది? సరిగ్గా ఇదే మాట ఇంతే ధీమాగా నేనూ అన్నాను, ఎనభైల నడుమ, ఉదయగిరిలో ఉన్నప్పుడు.

మా నాయన చెక్క చెంచాలు చేసేవాడు. కొండ మీది నర్ది చెక్కని చెక్కి, ఆకురాయితో రాకి, పిడి మీద పువ్వులు తీసేవాడు. పొద్దున లేచింది మొదలు ఇంట్లో ఆ గరగర ఆగేది కాదు. అమ్మ మామూలుగా ఉర్దూ మాట్లాడేది, కోపం వస్తే మాత్రం తెలుగులోకి దిగేది, వీధి అంతటికీ అర్థం కావాలని. నేను ఇంటర్ ముగించి, ఏం చెయ్యాలో తెలియక ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంటే, ఆ తిరుగుడు చూడలేక నాయన నన్ను ఆత్మకూరులో టైపూ షార్ట్‌హ్యాండూ నేర్చుకోమని పంపించాడు. వారానికి మూడు రోజులు బస్సులో పోయి వచ్చేదాన్ని.

ఆ ఇన్‌స్టిట్యూట్ బస్టాండుకు దగ్గర్లో ఒక ఎరువుల షాపు పైన ఉండేది. ఇరుకు మెట్లెక్కితే ఒకటే గది, గోడ పక్కన టైపు మిషన్లు, మధ్యలో బల్లలు, ముందు నల్లబోర్డు. సారుకు యాభై దాటి ఉంటాయి. బక్క మనిషి. చూడ్డానికి ఏమీ లేదు గానీ ఆ గొంతు వింటే పెన్సిలు దానంతట అదే కదిలేది. నిమిషానికి ఎనభై మాటల వేగంలో ఇంగ్లీషు ఉత్తరం చదువుతున్నా ఒక్క మాట కూడా మింగేవారు కాదు. చేతిలో స్టాప్‌వాచ్, ముందు గ్లాసులో వేడినీళ్ళు. మొదటి రోజు నేను నాయన చేసిన చెంచా ఒకటి తీసుకెళ్ళి ఇస్తే, "ఉదయగిరి చెంచా. మీ నాయనదా?" అని తిప్పి తిప్పి చూసి, ఆ గ్లాసులోనే వేసుకున్నారు. అప్పట్నుంచి వేడినీళ్ళలో తేనె కలుపుకోవడానికి అదే.

తేనె ఎందుకో ఆయనే క్లాసులో చెప్పారు. గొంతులో ఏదో పెరుగుతోందట. నెల్లూరు డాక్టరు రోజుకు అరగంట కంటే ఎక్కువ మాట్లాడొద్దన్నాడట. "పొద్దున రెండు బ్యాచులు, సాయంత్రం రెండు. అరగంటతో ఎట్ట కుదురుతాది? అట్టని వాగతా పోతే గొంతే ఉండదంటా ఉండాడు" అన్నారు, ఎవరి సంగతో చెబుతున్నట్టు. అప్పుడు ఆయన ఒక ఉపాయం చేశారు. రోజుకు ఒక్కో ఉత్తరం చొప్పున ముప్పై ఉత్తరాలు క్యాసెట్‌లోకి చదివారు. నెల్లూరులో రికార్డింగ్ షాపులో వాటికి కాపీలు తీయించి, దూరం నుంచి వచ్చేవాళ్ళకి అమ్మడం మొదలుపెట్టారు. క్యాసెట్లు అమ్ముడుపోతే సాయంత్రం బ్యాచులు మానెయ్యొచ్చు, గొంతుకు విశ్రాంతి దొరుకుతుంది. అదీ ఆయన లెక్క. అందులో దాపరికమేమీ లేదు, మాకందరికీ తెలుసు.

నేను కొన్నాను. న్యూస్ పేపర్లో చుట్టి చేతికిస్తూ, "ఇది నా గొంతమ్మా. భద్రంగా ఇంట్లో పెట్టుకో" అన్నారు. సరే సార్ అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నాతోపాటు అనుమసముద్రంపేట నుంచి ఒకమ్మాయి నేర్చుకునేది. దర్గా దగ్గర వాళ్ళకు పూల అంగడి ఉండేది. వారం తిరక్కుండానే, "నీ క్యాసెట్టు ఒకసారి ఇయ్యి, నేనూ తీసుకుంటా" అంది. నేను ఆలోచించలేదా అంటే ఆలోచించాను. ఆ సాయంత్రం పక్కింటామె చిన్న గిన్నె పట్టుకుని పెరుగు తోడుకని వచ్చింది. అమ్మ చెంచాడు వేసి పంపింది. తోడు లేదనడం మా వీధిలో ఎవరూ ఎరగరు. ఇచ్చినవాళ్ళ పెరుగు తగ్గదు, తీసుకున్నవాళ్ళ పాలు తోడుకుంటాయి. క్యాసెట్టూ అంతే కదా అనుకున్నాను. నా దగ్గరున్నది నా దగ్గరే ఉంటుంది, సారు గొంతు సారు దగ్గరే ఉంటుంది, ఎవరికి ఏం పోయింది? మరుసటి రోజు ఆ పిల్లతో ఈ మాటే అంటే, తను కూడా తల ఊపింది.

మా ఇంట్లో కువైట్ మామయ్య తెచ్చిన టేప్ రికార్డర్ ఉంది. ఇంకొకటి ఎదురింటి నుంచి అడిగి తెచ్చాను. రెండూ ఎదురెదురుగా పెట్టి, ఒకదాంట్లో ప్లే, ఇంకొకదాంట్లో రికార్డు నొక్కాను. రెంటినీ వైరుతో కలపొచ్చని మాకేం తెలుసు? ఒకటి మాట్లాడుతుంది, రెండోది వింటుంది, అంతే. నాయనని కాసేపు ఆకురాయి ఆపమంటే ఆపాడు, నాలుగు ఉత్తరాలయ్యాక మరిచిపోయి మళ్ళీ మొదలుపెట్టాడు. సిమెంటు బస్తాల ఉత్తరం నడుస్తుండగా, సరిగ్గా మధ్యలో, వంటింట్లోంచి అమ్మ కేక.

"మీ నాయనకెట్టాగూ ఆ చెంచాలు పక్కన పెట్టి తినాలని ఉండదు, నువ్వన్నా ఆ పెట్టె ముందర్నుంచి లెయ్యవా? అన్నం చల్లారిపోతా ఉండాది. మళ్ళీ కాచేది లేదు, చెప్తాండా."

పూర్తిగా రికార్డయింది. ఆపి, వెనక్కి తిప్పి, ఆ ఉత్తరం మళ్ళీ ఎక్కించాలి. కానీ నాకు అంత ఓపిక ఏనాడు ఏడిచింది గనక? పోనీలే, ఒక్క ఉత్తరమేగా అని వదిలేశాను. ఆ కాపీ దర్గా పిల్లకిచ్చాను. తర్వాత అడిగినవాళ్ళకి నా క్యాసెట్ నుంచి కాక, ఆ కాపీ నుంచే కాపీలు వెళ్ళాయి. నాకు అదో గొప్ప. బస్సులో నాకు సీటు ఆపి పెట్టేవాళ్ళు, శనక్కాయలు చేతిలో పోసేవాళ్ళు. నేను ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదని నాకు నేనే మెచ్చుకున్నాను.

రెండు నెలలు గడిచాయి. సారు సాయంత్రం బ్యాచులు మానలేదు. బీరువాలో క్యాసెట్ల కట్ట ఎంత ఉన్నది అంతే ఉంది. ఆయన గొంతు మాత్రం బొంగురుపోయింది. డిక్టేషన్ మధ్యలో ఆగి, తేనెనీళ్ళు తాగి, మళ్ళీ అందుకునేవారు. నేను తల వంచుకుని రాసుకునేదాన్ని. ఆయన ఆగినప్పుడల్లా బల్ల కింద నా కాలు ఊగడం మొదలయ్యేది. పక్కనున్నవాళ్ళు విసుక్కునేవాళ్ళు. క్యాసెట్లు అమ్ముడుపోకపోవడానికి లక్ష కారణాలుంటాయి, కరువు రోజులు, జనం దగ్గర డబ్బుల్లేవు, ఇలా నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. బస్సెక్కాక కిటికీ పక్కన ఒక చోట కూర్చోలేక రెండుసార్లు సీటు మారేదాన్ని.

ఒకరోజు వింజమూరు నుంచి కొత్త కుర్రాడొకడు వచ్చాడు. చొక్కా జేబులోంచి క్యాసెట్ తీసి, నేరుగా సారు చేతికే ఇచ్చాడు. "సార్, మీ క్యాసెట్టే. మా ఊళ్ళో అందరం దీంతోనే నేర్చుకుంటా ఉండాం. సిమెంటు ఉత్తరంలో కొన్ని మాటలు వినపళ్ళేదు. అవేందో చెప్పండి సార్" అన్నాడు. వాడిలో కపటం లేదు. తోడు తెచ్చుకున్న గిన్నెని దాచుకోవాలని ఎవరికైనా తోస్తుందా? వాడికీ తోచలేదు. మా వైపు మనుషులం అంతే.

సారు క్యాసెట్‌ని టేప్ రికార్డర్‌లో పెట్టి, సిమెంటు ఉత్తరం దాకా తిప్పారు. నాకు లేచి పారిపోవాలనిపించింది, బల్ల కింద కాలు మళ్ళీ ఊగడం మొదలైంది. మొదట ఆయన గొంతు, బాగున్నప్పటి గొంతు. దాని వెనకాల ఆకురాయి గరగర. తర్వాత గది అదిరిపోయేట్టు అమ్మ. అన్నం చల్లారిపోతా ఉండాది. క్లాసంతా పగలబడి నవ్వింది. సారు నవ్వలేదు. గ్లాసులో ఉన్న చెంచా వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. చూపు తిప్పుకుని, పుస్తకం తెరిచి, ఆ కుర్రాడి కోసం సిమెంటు ఉత్తరం మొదట్నుంచి చివరిదాకా చదివారు. రెండుసార్లు గొంతు పట్టేసింది. అయినా ఆపలేదు.

క్లాసయ్యాక అందరూ దిగిపోయారు. నేను మెట్ల దగ్గర నిలబడ్డాను. "సార్, నేను..." అన్నాను. ఆయన చెయ్యెత్తారు.

"నన్ను మాట్లాడించొద్దమ్మా" అన్నారు. తాళం వేస్తూ మళ్ళీ ఆయనే, "మీ అమ్మ గొంతు గట్టిది. కాపాడుకోమని చెప్పు" అన్నారు.

అందులో వెటకారం ఉందేమోనని దారి పొడుగునా వెతుక్కున్నాను. ఉంటే బాగుండేది. తిట్టినా సరిపోయేది.

మరుసటి వారమే దర్గా పిల్లని పట్టుకుని కాపీలన్నీ వెనక్కి ఇప్పించమన్నాను. "యాడ తెచ్చేది? మా చిన్నాయన కొడుక్కి ఇచ్చినా, వాడు ఎవురికిచ్చినాడో. తోడు లాంటిదని నువ్వే కదంటివి" అంది. నిజమే, నేనే అన్నాను. ఇక సారు దగ్గరికి పోయి, సాయంత్రం బ్యాచులకి డిక్టేషన్ నేను చదువుతాను సార్ అని అడిగాను. ఆయన స్టాప్‌వాచ్ నా చేతిలో పెట్టారు. నాకు నిలకడ ఉంటే కదా. మొదటి నిమిషం నత్తనడక, రెండో నిమిషం పరుగు. పిల్లలు పెన్సిళ్ళు పడేసి నా మొహం చూశారు. మూడో రోజు సారు నెమ్మదిగా నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, తనే అందుకున్నారు.

నేను పరీక్ష పాసయ్యాను. నెల్లూరులో ఉద్యోగం వచ్చింది. దేనితో పాసయ్యానో నాకు తెలుసు, పొద్దునా సాయంత్రం ఆ క్యాసెట్ వినే కదా. అది కూడా చివరికి మా టేప్ రికార్డర్‌లో చిక్కుకుని తెగిపోయింది. సారు అమ్ముడుపోని క్యాసెట్ల కట్టని నెల్లూరు రికార్డింగ్ షాపుకే తిరిగిచ్చేశారని, ఆపరేషన్ అయిందని, మాట పోయిందని ఎవరో చెప్పారు. వెళ్ళి చూసి రావాలని ప్రతి ఆదివారం అనుకోవడం, చీర కట్టుకోవడం, ఏదో పని గుర్తొచ్చినట్టు మళ్ళీ విప్పెయ్యడం. ఏడాది ఇలాగే గడిపాను.

చివరికి ఒక శనివారం సెలవు పెట్టి, ఏం చెప్పాలో బస్సులోనే పది రకాలుగా అనుకుని, ఆత్మకూరులో దిగాను. ఎరువుల షాపు పక్క మెట్లు సగం ఎక్కానో లేదో, పైనుంచి ఆయన గొంతు. "డియర్ సర్, విత్ రెఫరెన్స్ టు యువర్ లెటర్." ఒక్క మాట కూడా మింగకుండా, నిమిషానికి ఎనభై. నాకు ప్రాణం లేచి వచ్చింది. గొంతు తిరిగి వచ్చిందన్నమాట, ఎవరో తప్పు చెప్పారు. మిగతా మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

సారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. మెడకు తెల్లటి గుడ్డ. పెదాలు కదలడం లేదు. బల్ల మీద టేప్ రికార్డర్ తిరుగుతోంది. దాని వెనకాల మా నాయన ఆకురాయి గరగర.

నల్లబోర్డు మీద రెండు వరుసల ఇంగ్లీషు, ఆయన చేతిరాత. సిమెంటు ఉత్తరంలోది, అమ్మ కేక కింద మునిగిపోయిన భాగం. దాని పైన చిన్నగా తెలుగులో ఒక ముక్క రాసి పెట్టారు, "అసలు టేపు అరిగిపోయింది, వింజమూరు నుంచి వచ్చిన ఇదొక్కటే మిగిలింది" అని. అంతలోనే ఆ చోటు వచ్చింది. మీ నాయనకెట్టాగూ ఆ చెంచాలు పక్కన పెట్టి తినాలని ఉండదు. ఒక్కరూ నవ్వలేదు. వాళ్ళకది అలవాటైపోయింది. సారు స్టాప్‌వాచ్ ఆపారు. పిల్లలు తలెత్తి, బోర్డు మీది రెండు వరుసలూ చూసి రాసుకున్నారు. మళ్ళీ కాచేది లేదు, చెప్తాండా. కేక అయిపోయింది. సారు స్టాప్‌వాచ్ నొక్కారు, పెన్సిళ్ళు మళ్ళీ కదిలాయి.

అప్పుడు నన్ను చూశారు. కోపమేమీ లేదు ఆ మొహంలో. నేను బస్సులో కూర్చుకున్న పది మాటల్లో మొదటిది మొదలుపెట్టబోయాను. ఆయన టేప్ రికార్డర్ వైపు వేలు చూపించి, తర్వాత నా వైపు చూపించి, అయిదు వేళ్ళూ కలిపి నోటి దగ్గరికి తెచ్చి, తిన్నావా అని అడిగారు.

లేదు సార్ అన్నాను.