ఊఁకీ ఆమెన్‌కీ మధ్య

ఆ రికార్డింగ్‌లో ఉన్నది నా గొంతే. కాదని నేనెప్పుడూ అనలేదు.

క్రెడిట్ కార్డు కంపెనీ నుంచి ఆ ఫోన్ వచ్చినప్పుడు అమెరికాలో, షామ్‌బర్గ్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. మర్నాడు చర్చిలో ఆరాధన అయ్యాక సంఘమంతటికీ కోడికూర వంతు మాది. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. ఉద్యోగం పోతే నా కార్డు వాయిదాలు తామే కట్టే ప్లాన్ ఒకటుందని అవతలి అబ్బాయి గుక్క తిప్పుకోకుండా చదివాడు. నేను తరుగుతూ ఊ కొట్టాను. ఆ తర్వాత మూడేళ్లు ప్రతి బిల్లులోనూ ఒక చిన్న లైను. కార్డు ఫీజేమో అనుకుని కట్టేశాను.

నిరుడు నా కాంట్రాక్టు ఉద్యోగం పోయాకే ఆ లైనేమిటో తెలిసింది. క్లెయిమ్ చేస్తే, కాంట్రాక్టు వాళ్లకి ప్లాన్ వర్తించదన్నారు. మొదటి రోజు నుంచీ నాకు పనికిరానిదే నాకు అమ్మారన్నమాట. కట్టినదంతా తిరిగివ్వమని అడిగాను. మీరు ఫోన్‌లో ఒప్పుకుని ఇప్పుడు కాదంటున్నారని జవాబు రాశారు.

ఉద్యోగం పోయినవాళ్లకి వీసా ఇచ్చే అరవై రోజుల గడువు దాటకముందే దేవుడు ఇంకో ఉద్యోగం చూపించాడు. మా ఆయనకి అది చాలు.

"వదిలెయ్. వీసా మీద ఉన్నాం, మనకెందుకీ కంప్లైంట్లు?"

"డబ్బు వదిలేస్తానండీ. అవునని కాదన్నానట! సండే స్కూల్లో పిల్లలకి నేను చెప్పేదేంటి? అవునంటే అవునుగానే ఉండాలనా, కాదా?"

నేను రికార్డింగ్ వినిపించమని పట్టుబట్టాను. నెల రోజులు తిప్పి, ఒక ఆఫీసరమ్మ ఫోన్‌లో వినిపించింది. ఆ అబ్బాయి గొంతు, కత్తిపీట చప్పుడు, మధ్యమధ్య నేను. ఊఁ. ఊఁ. ఊఁ.

"సీ మ్యామ్? యూ సెడ్ యెస్."

నాకు నవ్వొచ్చింది. వెంటనే ఒళ్లు మండింది. అది యెస్ కాదని, వింటున్నానని చెప్పడమని ఎంత చెప్పినా ఆవిడకి ఎక్కలేదు.

నాకు ఆ తేడా నేర్పింది మా అమ్మమ్మ. చిన్నప్పుడు మందిరంలో ప్రార్థన వినకుండానే ఆమెన్ అన్నానని తొడ మీద గిల్లింది. "ఊ కొట్టు, ఎంతసేపైనా కొట్టు. ఆమెన్ మాత్రం ఒప్పుకున్నాకే అను. అది సంతకమే" అంది. కంపెనీకి రాసిన ఉత్తరంలో ఆ మాటే పెట్టాను. మా భాషలో ఊఁ చెవి చేసే పని, ఆమెన్ మనసు చేసే పని, మీ రికార్డింగ్‌లో ఆమెన్ ఎక్కడుందో చూపించండి అని. ప్రభుత్వ వినియోగదారుల విభాగానికి కూడా ఒక కాపీ పంపాను.

ఆదివారం ప్రార్థన మనవి చెప్పుకుంటే పాస్టరు అయ్యగారు నవ్వారు. "బైబిల్లో న్యాయం కోసం న్యాయాధిపతిని విసిగించిన విధవరాలికి తట్టడానికి కనీసం ఒక గుమ్మముందమ్మా. నీకు ఫోన్‌లో హోల్డ్ మ్యూజిక్కే. అయినా మానకు."

మానలేదు. ఆఖరికి ఆఫీసరమ్మే ఫోన్ చేసింది. ఈ కాల్ రికార్డవుతోందని ముందే చెప్పింది. సగం డబ్బు ఇస్తారట. నేను ప్లాన్‌కి ఒప్పుకున్న మాట నిజమేనని మాత్రం అంగీకరించాలట. షరతులు ఒక్కొక్కటే చదువుతోంది. గొంతు దాకా వచ్చిన ఊఁని పళ్ల బిగువున ఆపాను. మా ఆయన సోఫాలోంచి లేచి వచ్చి నిలబడ్డాడు. చదవడం ఆగింది.

"మ్యామ్? ఆర్ యూ దేర్?"

ఉన్నానన్నాను. ప్రతి మాటా విన్నాను, ఒక్కదానికీ ఒప్పుకోవడం లేదు, ఇదీ రికార్డు చేసుకోండి అన్నాను ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడివిడిగా.

మూడు వారాలకి మొత్తం చెక్కు వచ్చింది. దాన్ని పక్కన పెట్టి ముందు దాంతో వచ్చిన ఉత్తరం చదివాను. నేను ఒప్పుకున్నానన్న వాక్యం కోసం రెండుసార్లు వెతికాను. లేదు. క్షమాపణా లేదు, అది వాళ్లకీ దేవుడికీ మధ్య సంగతి.

"ఇక నా మాటకైనా ఊ కొడతావా?" అన్నాడు మా ఆయన.

"కొడతాను. ఆమెన్ మాత్రం అడక్కండి."