తెల్లబడిన గుర్రం

మా బావ ఆ గుర్రాన్ని తెనాలిలో కొన్నాడు. అంతకు ముందు ఏడాది సముద్రంలో వల లాగుతుండగా తాడులో చెయ్యి ఇరుక్కుని అతనికి రెండు వేళ్లు పోయాయి. ఇక పడవ ఎక్కనన్నాడు. సూర్యలంక బీచ్‌లో జనాన్ని గుర్రం ఎక్కించి తిప్పేవాళ్లను చూసి, తనూ అదే చేస్తానని మా అక్కతో చెప్పాడు. నేను అప్పటికి బాపట్లలో ఒక మందుల షాపులో పనిచేస్తున్నాను. మాది చేపల మీద బతికే కుటుంబం; అక్క ఎండుచేపల పనికి వెళ్లేది. గుర్రాల గురించి మా ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు.

అది ఆడగుర్రం. కాఠియావాడ్ జాతిదని అమ్మినాయన చెప్పాడట. చెవుల కొసలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకబోతున్నట్టు ఉండేవి. అదే ఆ జాతికి గుర్తట. రంగు మాత్రం ముదురు బూడిద. పిర్రల మీద నీటిచుక్కలు పడి ఆరిపోయినట్టు గుండ్రటి తెల్ల మచ్చలు.

“తెల్లది దొరకలేదా?” అని అడిగింది అక్క.

“ఇదే తెల్లబడుద్దంట. పుట్టినప్పుడు నల్లగా ఉందంట. ఏడాదేడాదికీ రంగు మారుద్దంట,” అన్నాడు బావ.

అలాగే మారింది. ముందు మొహం, తర్వాత మెడ, చివరికి కాళ్లు. నాలుగేళ్లు తిరిగేసరికి పాలలా తయారైంది. బావ దానికి రోజూ స్నానం చేయించి, ఆఖరి బకెట్‌లో కాస్త నీలిమందు కలిపి పోసేవాడు. పెళ్లి ఊరేగింపులకు అందరూ తెల్ల గుర్రమే అడుగుతారు. పొన్నూరు నుంచి, చేబ్రోలు నుంచి కబుర్లు వచ్చేవి. ఎర్ర గుర్రాలవాళ్లు బీచ్‌లోనే ఉండిపోయారు. వేళ్లు పోయాక బావ నవ్వడం మళ్లీ ఆ రోజుల్లోనే చూశాను.

గడ్డల్ని మొదట చూసింది అక్క. తోక దువ్వుతుంటే చేతికి తగిలాయి. తోక కింద, మలద్వారం చుట్టూ నేరేడుపండ్లంత నల్లటి గడ్డలు. అప్పటికే ఎన్నాళ్ల నుంచి ఉన్నాయో మాకు తెలియదు. పశువుల ఆసుపత్రికి నేనూ బావా తీసుకెళ్లాం. డాక్టరమ్మ తోక ఎత్తి చాలాసేపు చూసింది.

“పుట్టినప్పుడు ఏం రంగండీ ఇది?”

“నలుపేనంటండి మేడమ్. మా దగ్గరకొచ్చేటప్పటికి బూడిద రంగు,” అన్నాడు బావ.

“ఇట్లా తెల్లబడే గుర్రాలకే ఇవి ఎక్కువగా వస్తాయి. ఒంటిని తెల్లగా చేసే గుణమే ఈ గడ్డల్నీ తెస్తుంది. ఎర్ర గుర్రాలకు ఇంతగా రావు.”

“కోసేయొచ్చాండి?”

“చిన్నగా ఉన్నప్పుడైతే చూసేవాళ్లం. ఇవి లోపలికి కూడా పాకాయి.”

తిరిగొచ్చేటప్పుడు బావ గుర్రం పక్కనే నడిచాడు. సగం దారిలో, “ఇన్నాళ్లూ నేను మురిసిపోయింది దీని జబ్బు చూసా?” అన్నాడు.

ఈగలు వాలకుండా షాపు నుంచి పూతమందు తెచ్చిచ్చేవాణ్ణి. అక్క తవుడులో నూనె కలిపి పెట్టేది. అలా పెడితేనే లద్దె వేయగలిగేది. ఆ తర్వాతి మూడు నెలల్లో గడ్డలు ఇంకా పెరిగాయి. అప్పుడే రేపల్లె వైపు నుంచి ఒకాయన గుర్రాన్ని కొనడానికి వచ్చాడు. ఆయన దగ్గర ఒక పొట్టి గుర్రం ఉంది. పెళ్లిళ్లకు తెల్లది కావాలట. ఆయన వచ్చే ముందే బావ తోకను జడలా అల్లి, ఎర్ర గుడ్డ చుట్టి, కిందికి బిగించి కట్టాడు.

“తోకకు ఆ గుడ్డేంటండి?” అన్నాడాయన.

“మధ్యాహ్నం ఊరేగింపుందండి. అలంకారం,” అన్నాడు బావ.

ఆయన నా వైపు తిరిగాడు. “మందుల షాపులో చేస్తావంటగా తమ్ముడూ. దీనికి జబ్బులేమన్నా ఉన్నాయా?”

“లేవండి,” అన్నాను.

ఎవరూ నా చేత ఆ మాట అనిపించలేదు. అక్క లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. సాయంత్రం ఆయన డబ్బిచ్చి, తోకకు ఆ గుడ్డ ఉండగానే గుర్రాన్ని తోలుకెళ్లాడు.

పది రోజుల తర్వాత ఆయన నేరుగా మా షాపుకు వచ్చాడు. కౌంటర్ ముందు ఇద్దరు ముగ్గురు ఉంటే వాళ్లు వెళ్లేదాకా పక్కన నిలబడ్డాడు. తిడతాడనీ, నలుగుర్నీ పోగేస్తాడనీ అనుకున్నాను.

“గొడవకు రాలేదు తమ్ముడూ,” అన్నాడు మెల్లగా. “మీ దగ్గరున్నప్పుడు ఏం పెట్టేవారో చెప్పు. రెండు రోజుల్నుంచి లద్దె వేయలేక వణికిపోతోంది. చూడలేకపోతున్నా.”

పూతమందు తీసుకుని ఆయన బండి వెనకే కూర్చుని రేపల్లె వెళ్లాను. బావకు ఫోన్ చేస్తే, “నేను రాలేనురా,” అని పెట్టేశాడు. గుర్రం పాక పక్కన తల వేలాడేసి నిలబడి ఉంది. గడ్డలు పగిలి తొడల మీదుగా నల్లటి రసి కారింది. నన్ను గుర్తుపట్టి కాబోలు, ఆ చెవులు ఒకసారి ముందుకొచ్చాయి. పూతమందుతో అయ్యే పని కాదని చూడగానే తెలిసిపోయింది. అక్కడి పశువుల డాక్టర్ వచ్చి, ఇక దాన్ని బాధపెట్టడం పాపమన్నాడు. ఇంజెక్షన్ ఇస్తుంటే తాడు నేనే పట్టుకున్నాను. మెడ దగ్గర చర్మం ఒక్కసారి అదిరింది. ముందుకాళ్లు మడుచుకుని, పక్కకు ఒరిగిపోయింది. గుర్రం కొన్నాయన తన చేను గట్టు దగ్గర పొక్లెయిన్‌తో గొయ్యి తీయించాడు. నేను చెప్పిన అబద్ధం గురించి ఆ రోజంతా ఒక్క మాట అనలేదు. బస్సెక్కేటప్పుడు, “క్షమించండి అన్నా,” అన్నాను. ఆయన తల ఊపాడో లేదో చూడలేకపోయాను.

నేను ఇంటికి చేరేసరికి బావ అరుగు మీద ఉన్నాడు. “చాలాసేపు కొట్టుకుందా?” అని అడిగాడు.

“లేదు. వెంటనే పోయింది.”

ఇది మాత్రం నిజమే. కానీ అతను నమ్మినట్టు లేడు. మర్నాటి నుంచి అక్కతోపాటు ఎండుచేపల పనికి వెళుతున్నాడు.