అలవాట్లు: ఏమీ లేవు

పళ్ళ డాక్టరు చదువులో అన్నిటికన్నా కష్టమేమిటని ఎవరైనా అడిగితే, బోసినోరు దొరకడం అంటాను. ఆ రోజుల్లో మా కాలేజీలో పరీక్షకు కూర్చోవాలంటే ఒక మనిషికి పూర్తి కట్టుడు పళ్ళ సెట్టు చేసి చూపించాలి. ఆ మనిషిని మనమే వెతికి తెచ్చుకోవాలి. జంషెడ్‌పూర్‌లో ముసలివాళ్ళకేం కరువనుకోకండి, ఒక్క పన్ను మిగిలున్నా పనికిరారు. (బజారులో నన్ను చూసి నవ్విన ప్రతి ముసలాయన నోట్లోకీ ఆశగా తొంగిచూసేదాన్ని.) గడువు దగ్గరపడేసరికి నాకు దిక్కు మా మామ్మే అయింది.

మామ్మంటే మా నాన్న తల్లి. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళయి ఈ ఊళ్ళో కార్మికులుండే గోల్‌మురి పేటకి వచ్చి ఇక్కడే పండిపోయింది. చిక్కల్లా ఏమిటంటే, క్లాసులో నేను ఆఫీసర్ల బంగళాలుండే కద్మా అమ్మాయినని చెప్పుకున్నాను! నాన్న స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పనివాడని ఎవరికీ చెప్పలేదు. లంచ్‌లో ఇంగ్లీషు మీడియం వాళ్ళు ఒక పక్క, హిందీ మీడియం వాళ్ళు ఒక పక్క కూర్చునేవారు. ఇంగ్లీషు పక్కన ఓ మూల చోటు సంపాదించి, దాన్ని కాపాడుకోవడానికి నానా పాట్లూ పడుతున్నాను.

"మామ్మా, అక్కడ నేను నీ మనవరాలినని అనకు. మా వీధిలో ఆవిడని చెప్తాను. డాక్టరమ్మా అని పిలువు."

"ఓలమ్మ! నీ ముక్కు తుడిసిన సెయ్యే ఇది," అని నవ్వింది గానీ ఒప్పుకుంది.

కేసు షీటులో "అలవాట్లు" అని ఒక గడి ఉంటుంది. మామ్మకున్నది అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు కొసను నోటి లోపల పెట్టుకుని కాల్చడం. మా వైపు ఆడవాళ్ళకది వింత కాదు గానీ, క్లాసులో తెలిస్తే నా కద్మా ఏమైపోను? "ఏమీ లేవు" అని గుండ్రంగా రాశాను. అంగుట్లో తెల్లమచ్చలు కనిపించినా కనిపించనట్టే ఊరుకున్నాను.

మా మేడమ్‌కి కనిపించాయి. "ఈ మచ్చల మీద పళ్ళ ప్లేటు పెట్టి కప్పేద్దామనుకున్నావా? ఇవి ముదిరితే ఏమవుతుందో చదవలేదా?" అని గట్టిగా అడిగింది. క్లాసంతా ఇటు తిరిగింది. కుర్చీలోంచి మామ్మ దిగ్గున లేచింది.

"మా గుంటని తిట్టకండమ్మా! నా మనవరాలు, మేరా పోతీ హై!" అని రొండిన దోపుకున్న చుట్ట తీసి, వెలిగించకుండానే తిప్పి పెట్టి చూపించింది. "ఐసా పీతా. ఆగ్ అందర్, ధువాఁ బాహర్!" అంది, నిప్పు లోపల, పొగ బయట అని.

నేను కళ్ళు మూసుకున్నాను. నవ్వు వినిపించలేదు. మేడమ్ స్టూలు లాక్కుని మామ్మ ఎదురుగా కూర్చుని, "మాజీ, ఇంకోసారి చూపించండి," అంటోంది. ఆవిడ కూడా పుస్తకంలో బొమ్మే చూసిందట! హిందీ పక్కన కూర్చునే, పర్సుడీహ్ పేట నుంచి వచ్చే అమ్మాయి ముందుకొచ్చి, "నానీ, జీభ్ నహీఁ జల్తీ?" అని అడిగింది. నాలుక కాలడం సంగతి మామ్మ చెయ్యి తిప్పుతూ చెబుతుంటే అందరూ చుట్టూ మూగారు. లంచ్‌కి మామ్మ హిందీ పక్కనే కూర్చుంది (అటు ఫ్యాను ఉందని). ఆ రోజు క్లాసంతా అటే తిన్నారు.

"సిగ్గు నీది, నోరు ఆవిడది," అంది మేడమ్ నాతో ఒంటరిగా. అంతకుమించి ఒక్క మాట అనలేదు. మచ్చలోంచి చిన్న ముక్క పరీక్షకు పంపించింది. ఫలితం వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. భయపడాల్సిందేమీ లేదని, చుట్ట మాత్రం మానాల్సిందేనని తేలింది. మేడమ్ దయవల్ల నాకు గడువూ పెరిగింది. మామ్మ సణుక్కుంటూనే చుట్ట మానేసింది. నేను చేసిన పళ్ళు మాత్రం మేడమ్‌ని చూడ్డానికి వెళ్ళినప్పుడే పెట్టుకునేది.

ఇప్పుడు గోల్‌మురిలోనే నా క్లినిక్. అలవాట్లేమీ లేవని ఎవరైనా తలొంచుకుంటే, పెన్ను పక్కన పెట్టి మా మామ్మ సంగతి చెబుతాను. ఆ పాత షీటు నా సొరుగులో ఉంది. "పేషెంటు మీకేమవుతారు" అన్న చోట "వీధిలో ఆవిడ" అని కొట్టివేసి ఉంటుంది. పక్కన, ఆ రోజు నేను వెక్కివెక్కి ఏడుస్తుంటే మేడమ్ నా చేత రాయించిన "మా మామ్మ" ఉంటుంది. ఆ రెండు మాటలు రాయడానికి అంత ఏడ్చిన పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.